పడుకోవడానికి వీలున్న సినిమా సెట్టు

జూబ్లీహిల్స్‌లో సాయంత్రం ఆరు దాటాక ఏదో ఒక రూఫ్‌టాప్ ఎక్కండి. పైన గడ్డి కప్పు. స్తంభాలకి చుట్టిన కొబ్బరి తాడు. మూలన వేలాడే చేపల వల, అందులో రంగు గాజు బంతులు. కౌంటర్ పక్కన మనిషంత ఎత్తు చెక్క మొహం ఒకటి. పళ్లు బయటపెట్టి, కనుబొమ్మలు ముడేసి, మీరేం ఆర్డర్ ఇస్తారా అని చూస్తున్నట్టుంటుంది. మీ గ్యాంగ్‌లో ఒకరు దాని పక్కన నిలబడి నాలుక బయటపెట్టి సెల్ఫీ దిగుతారు. స్టోరీలో 'బీచ్ వైబ్స్' అని పెడతారు.

బీచ్ ఎక్కడుందండీ? బాపట్ల దగ్గర సూర్యలంక. ఇక్కణ్ణుంచి మూడొందల కిలోమీటర్ల పైనే.

ఆ మొహం పేరు టికి. అది మన పబ్బుల దాకా వచ్చిన దారి మాత్రం భలే ఉంటుంది. పసిఫిక్ దీవుల్లో మొదలై, హాలీవుడ్ ప్రాపర్టీ గోడౌన్ మీదుగా, అమెరికా సముద్రతీరాల్లోని మోటెళ్లలో దశాబ్దాల పాటు కాపురం చేసి ఇక్కడికొచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసేవాళ్లకి ఈ కథ చెబితే ఆశ్చర్యపోరు. వాళ్ల పని కూడా అదే కాబట్టి.

అగ్గిపర్వతం, స్విమ్మింగ్ పూల్, ఐస్ మెషీన్

ముందు మోటెల్ సంగతి. మోటార్, హోటల్ అనే రెండు మాటలు కలిపి పుట్టించిన పేరు అది. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయీ ఒబిస్పోలో తొలిసారి ఆ బోర్డు పెట్టారు. కారు సరిగ్గా గది తలుపు ముందు ఆపుకోవచ్చు. లాబీ లేదు, లిఫ్టు లేదు, సూట్‌కేసు మోసే కుర్రాడు లేడు. ఒకటి రెండు అంతస్తుల్లో వరసగా డబ్బాల్లాంటి గదులు, మధ్యలో ఈతకొలను. అంతే.

చిక్కల్లా అక్కడే ఉంది. అన్నీ డబ్బాలే అయితే రోడ్డు మీద గంటకి తొంభై కిలోమీటర్ల స్పీడులో పోయే కారు ఏ డబ్బా ముందు ఆగాలి? పిల్లలు వెనక సీట్లోంచి "నాన్నా, ఇదే! ఇదే!" అని అరవాలి. అందుకని ముఖానికి మేకప్ వేశారు. ఆఫీసు మీద తిరగేసిన 'వి' ఆకారంలో ఆకాశంలోకి పొడుచుకొచ్చే పైకప్పు. రాత్రి రంగులు మార్చే నియాన్ కొబ్బరిచెట్టు. గేటు దగ్గర గ్యాస్ మంటతో వెలిగే కాగడాలు. పూల్ పక్కన లావారాయి గుట్ట, దాని మీంచి పంపుతో పారే జలపాతం. మధ్యమధ్యలో కోపంగా చూసే టికి బొమ్మలు. పేర్లేమో వైకీకి, తహితి, ట్రాపిక్స్. గదిలోకి వెళ్తే మళ్లీ మామూలు మంచం, మామూలు టీవీ, వెదురు డిజైన్ వాల్‌పేపర్, గోడ మీద సూర్యాస్తమయం బొమ్మ. ఖర్చంతా రోడ్డుకీ పూల్‌కీ కనిపించే వైపే పెట్టారు. వెనక్కి వెళ్లి చూస్తే ఉత్త సిమెంటు ఇటుకల గోడ.

కెమెరాకి కనిపించే వైపే ఫినిషింగ్ ఇవ్వడం. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇలాంటి అలంకారాన్ని 'కిట్ష్' అంటారు. జర్మన్ మాట. మన కుర్రాళ్ల భాషలో అయితే ఒక్క ముక్క చాలు: ఓవర్. కానీ ఆ ఓవర్‌లో ఓ సరదా ఉంది. తను అబద్ధమని అది దాచుకోదు. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు నిజం కొబ్బరిచెట్టులా నటించడం లేదు. "నేను ప్లాస్టిక్కే, అయినా నువ్వు సెలవులో ఉన్నావుగా, ఎంజాయ్ చెయ్" అంటుంది. మన పెళ్లి మండపాల్లో థర్మోకోల్ ఏనుగులు, బర్త్‌డే ఫంక్షన్లలో బెలూన్ల ఆర్చీలు చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా?

వర్షం కూడా ఎఫెక్టే

ఈ ట్రెండ్ పుట్టింది తహితిలో కాదు, హవాయిలోనూ కాదు. హాలీవుడ్‌లో.

1930ల మొదట్లో ఎర్నెస్ట్ గాంట్ అనే కుర్రాడు ఊళ్లన్నీ తిరిగి తిరిగి లాస్ ఏంజెలెస్ చేరాడు. పసిఫిక్ దీవుల్లో తిరిగినప్పుడు పోగేసిన వలలు, చెక్క బొమ్మలు, ఓడ ముక్కలు అతని దగ్గర బోలెడు ఉండేవి. అప్పట్లో హాలీవుడ్‌కి 'సౌత్ సీస్' సినిమాల పిచ్చి. దీవి, నావికుడు, గడ్డి లంగా కట్టిన నాయిక. అలాంటి సినిమాలకి గాంట్ సలహాలిచ్చేవాడు, తన సామాను అద్దెకిచ్చేవాడు. అంటే అచ్చంగా ఒక ప్రాపర్టీ సప్లయర్. మద్యనిషేధం పోయింది 1933 డిసెంబరులో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ సామానంతా గోడలకి తగిలించి హాలీవుడ్‌లో చిన్న బార్ తెరిచాడు. పేరు 'డాన్ ద బీచ్‌కోంబర్'. ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, తర్వాత తన పేరే డాన్ బీచ్ అని మార్చేసుకున్నాడు.

ఈయన చేసిన ఓ పని నాకు భలే నచ్చుతుంది. బార్ పైన రేకుల కప్పు మీద పైపుతో నీళ్లు కొట్టించేవాడు. లోపల కూర్చున్నవాళ్లకి టపటపా వాన చప్పుడు. "అబ్బా, వాన పడుతోంది, ఇంకో గ్లాసు తాగి వెళ్దాం" అనుకునేవాళ్లు. బయట మాత్రం లాస్ ఏంజెలెస్ ఎండ, చుక్క లేదు. మన షూటింగుల్లో రెయిన్ ఎఫెక్ట్ టీమ్ చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ హీరో హీరోయిన్లు తడుస్తారు, అక్కడ కస్టమర్ బిల్లు తడిసిమోపెడయ్యేది.

ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ దీన్ని చూసి 'ట్రేడర్ విక్స్' పెట్టాడు. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పసిఫిక్ దీవుల్లో పనిచేసిన అమెరికన్ సైనికులు లక్షల్లో ఇళ్లకి తిరిగొచ్చారు. చేతిలో డబ్బులున్నాయి, తలలో దీవుల జ్ఞాపకాలున్నాయి. యుద్ధాన్ని మర్చిపోయి ఇసకనీ, కొబ్బరిచెట్లనీ మాత్రం గుర్తుంచుకోవడం వాళ్లకి హాయిగా ఉంది. 1949లో 'సౌత్ పసిఫిక్' నాటకం బ్రాడ్‌వేకి వచ్చింది, 1958లో సినిమా అయింది. 1956 చట్టంతో దేశమంతా హైవేలు మొదలయ్యాయి. 1959లో హవాయి రాష్ట్రమైంది. 1961లో ఎల్విస్ ప్రెస్లీ 'బ్లూ హవాయి'. 1963లో డిస్నీలాండ్‌లో పాడే టికి బొమ్మల గది. ఇన్ని కలిశాక మోటెల్ ఓనర్లు ఊరుకుంటారా?

ఎడారిలో సముద్రం

సముద్రం ఉన్నచోట సరే. లేనిచోట కూడా కట్టేశారు. కెన్ కైమ్స్ అనే బిల్డర్ కాలిఫోర్నియాలో 'ట్రాపిక్స్' పేరుతో వరసగా మోటెళ్లు కట్టాడు. ఇండియో, బ్లైత్ లాంటి ఎడారి ఊళ్లలో! వాటిలో ఒకటి పామ్ స్ప్రింగ్స్‌లో 1964లో వచ్చింది, ఇప్పటికీ 'కాలియెంటే ట్రాపిక్స్' పేరుతో నడుస్తోంది. చుట్టూ ఇసక ఉంది నిజమే, నీళ్లే లేవు. అయినా గేటు మీద ఆ తిరగేసిన 'వి' పైకప్పు, చెక్కిన టికీలు, పూల్.

అందుకే జూబ్లీహిల్స్ పబ్‌ని చూసి "సముద్రం లేని ఊళ్లో ఈ వేషాలేంటి" అని నవ్వడం నాకు అన్యాయం అనిపిస్తుంది. ఇదంతా మొదట్నుంచీ సముద్రం లేనివాళ్ల కోసమే. పక్కనే అల కొడుతుంటే జలపాతానికి పంపు ఎవరు పెడతారు?

పైగా మన ఏరియా చరిత్ర కూడా అలాంటిదే కదా. అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టేనాటికి ఇక్కడ రాళ్లూ తుప్పలే. 1976 సంక్రాంతికి ప్రారంభమైన ఆ 22 ఎకరాల తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. వాటి వెనకే ఇళ్లు, ఆఫీసులు, ఫిల్మ్‌నగర్. మద్రాసులో ఉన్నన్నాళ్లు మనోళ్లకి సముద్రం ఆటో దూరం. బీచ్ పాట కావాలంటే మహాబలిపురం రోడ్డెక్కితే చాలు. ఆ రోడ్డు మీదే వీజీపీ గోల్డెన్ బీచ్ ఉంది. భారీ గేటు, విగ్రహాలు, కోటలాంటి కట్టడాలు, ఎవరేం చేసినా కదలకుండా నిలబడే కాపలా మనిషి. మన దేశంలో ఓవర్ డెకరేషన్ సముద్రతీరానికి అంతకు మించిన ఉదాహరణ నాకు తట్టదు. తమిళ, తెలుగు పాటలు అక్కడ బోలెడు తీశారు. హైదరాబాద్ వచ్చాక ఆ సముద్రం దూరమైంది. ఇక్కడ మిగిలింది గ్రానైట్ కొండ, ఫ్లోర్, లైట్లు. సముద్రం కావాలంటే వైజాగ్‌కి యూనిట్‌ని మోసుకెళ్లాలి. లేదా సెట్టు వెయ్యాలి.

మొహం ఎలా పుడుతుంది

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కిందకి దిగి కృష్ణానగర్ వైపు వెళ్తే ఇంకో లోకం. ఇరవై నాలుగు క్రాఫ్ట్స్ మనుషులు ఉండే చోటు. కార్పెంటర్లు, మౌల్డర్లు, పెయింటర్లు, ప్రాపర్టీ అద్దెకిచ్చేవాళ్లు. పొద్దున్నే సెంటర్లో టిఫిన్ బండి దగ్గర నిలబడితే చాలు, ఏ సినిమాకి ఏం కడుతున్నారో మాటల్లో తెలిసిపోతుంది.

ఒక టికి మొహం తయారు చెయ్యాలనుకోండి. ఆర్ట్ డైరెక్టర్ స్కెచ్ ఇస్తాడు. కార్పెంటర్ రీపర్లతో, ప్లైవుడ్‌తో లోపలి అస్థిపంజరం కడతాడు. దాని మీద బంకమట్టితో మొహం. పెదాలు ఎంత లావుండాలి, కళ్లలోకి లైటు పడితే నీడ ఎక్కడ రావాలి అన్నది మట్టి దగ్గరే తేలిపోతుంది. మట్టి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తారు. అచ్చు లోపల జిగురు రాసిన ఫైబర్ మ్యాట్ పొరలు పొరలుగా పరిచి ఆరబెడతారు. ఊడదీస్తే పెంకులాంటి మొహం. తేలిక. ఇద్దరు మోసుకుపోవచ్చు. అతుకులు గీకి, రుద్ది, గోధుమ రంగు బేస్ కొడతారు. తర్వాత వచ్చేదే అసలు పనితనం. పల్చటి నల్లరంగు గాడుల్లోకి పోనిచ్చి, పైపైన తుడిచేస్తారు. ఎండిన బ్రష్‌తో అంచులకి లేత రంగు తాకిస్తారు. అంతే, నిన్న పుట్టిన ఫైబర్ ముక్క వందేళ్ల చెక్క అయిపోతుంది.

దూరంగా కనిపించే కొండకి ఇంత ఖర్చు అక్కర్లేదు. థర్మోకోల్ బ్లాకుల్ని వేడి తీగతో కోసి, పైన గోనెగుడ్డ అంటించి రంగు కొడతారు. గుడిసెలకి వెదురు, రెల్లు గడ్డి, ఈత చాపలు. సముద్రం? ఒకప్పుడు పెయింట్ చేసిన పరదా. తర్వాత ఫ్లెక్స్. ఇప్పుడు గ్రీన్ మ్యాట్ కట్టేస్తే కంప్యూటర్లో పోస్తారు.

సరిగ్గా ఇదే పని అమెరికాలో ఒక వర్క్‌షాప్ 65 ఏళ్లు చేసింది. కాలిఫోర్నియాలోని విట్టియర్‌లో 1956లో మొదలైన 'ఓషియానిక్ ఆర్ట్స్'. లెరాయ్ ష్మాల్ట్స్, బాబ్ వాన్ ఊస్టింగ్ అనే ఇద్దరు స్నేహితులు పెట్టారు. టికి బొమ్మలు చెక్కడం, వెదురు, చాపలు, వలలు, లాంతర్లు సప్లై చెయ్యడం. డిస్నీకి వాళ్లే, రెస్టారెంట్లకి వాళ్లే, సినిమాలకి వాళ్లే. 2021లో ఇద్దరూ పెద్దవాళ్లై షాపు మూసేస్తే, ఉన్న సామాను వేలానికి వచ్చింది. అమెరికాలో మీరే పాత టికి మోటెల్‌లో దిగినా, అక్కడి కోపిష్టి మొహం వీళ్ల చేతుల్లోంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఇద్దరి పేర్లు అక్కడి అభిమానులకి నోటికొచ్చు. కృష్ణానగర్ మౌల్డర్ల పేర్లు టైటిల్ కార్డుల్లో కూడా దొరకవు.

మనకి ఈ విద్య కొత్తదేం కాదు. 'మాయాబజార్' (1957) ద్వారకా నగరం గుర్తుందా? గోఖలే, కళాధర్ చేయించిన మినియేచర్ అది. యాభై, అరవై అడుగుల స్థలంలో బుల్లి బుల్లి ఇళ్లు పెట్టి ఊరంతా చూపించేశారు. 'ఒక్కడు' (2003) కోసం అశోక్ చార్మినార్‌నే కట్టేశారు, అసలు చార్మినార్ ఉన్న ఊళ్లోనే! 'అర్జున్' (2004) కోసం తోట తరణి మధుర మీనాక్షి గుడి లేపారు. ఇవాళ ఆ చార్మినారూ లేదు, ఆ గుడీ లేదు. ఫోన్లో సినిమా పెట్టుకుంటే ఉన్నాయి.

నవ్వు ఆగే చోటు

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే విషయం.

టికి అంటే పసిఫిక్ దీవులవాళ్లకి డెకరేషన్ పీసు కాదు. మావోరీ గాథల్లో తొలి మనిషి పేరు టికి. చాలా దీవుల్లో ఆ చెక్కిన రూపాలు పూర్వీకులవి, దేవుళ్లవి, పవిత్రమైన చోటుకి హద్దురాళ్లు. వాటి తలకాయలతో గ్లాసులు చేసి, స్ట్రా గుచ్చి, రమ్ము పోసి అమ్మారు. మన గ్రామదేవత మొహంతో ఎవరో విదేశీయుడు బీర్ మగ్గు చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా ఒక దీవి బొమ్మ, ఇంకో దీవి డాన్సు, మూడో దీవి పడవ, చైనా వంటకం, కరీబియన్ రమ్ము అన్నీ కలిపి 'పాలినేసియా' అన్నారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? డెబ్భైల, ఎనభైల సినిమాల్లో 'గూడెం పాట' గుర్తు తెచ్చుకోండి. ఈకలు, ఎముకల దండలు, పుర్రెల స్తంభం, మొహాలకి తెల్ల చారలు, అర్థంలేని కేకలు. మధ్యలో కట్టేసిన హీరో. ఆ వేషం కోయలదా, గోండులదా, సవరలదా? ఎవరిదీ కాదు. కోయల కొమ్ము నృత్యం వేరు, ఆదిలాబాద్ గోండుల గుస్సాడి వేరు. నెమలి ఈకల గుస్సాడి టోపీని ఒక్కసారి చూసినవాళ్లకి ఆ సినిమా ఈకలు చూస్తే సిగ్గేస్తుంది. క్లబ్ పాటల సెట్లదీ అదే దారి. చేపల వల, మాస్కులు, వెదురు, మెరిసే జలపాతం, జ్యోతిలక్ష్మి, జయమాలిని. హాలీవుడ్ దీవుల్ని ఊహించుకుంది, మనం హాలీవుడ్‌ని ఊహించుకున్నాం. ఆ సెట్ల పనితనం నాకిష్టమే. ఆ వేషాల్ని మాత్రం వెనకేసుకురాలేను.

తెలుగువాళ్లకి ఈ దీవులతో ఇంకో లెక్క కూడా ఉంది. దీని గురించి స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఫిజీ. పాలినేసియా అంచున ఉంటుంది, టూరిస్టు బ్రోషర్లలో అచ్చం ఆ వాల్‌పేపర్ దీవే. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి అరవై వేల మందికి పైగా అక్కడి చెరుకు తోటలకి కూలీలుగా వెళ్లారు. 1903లో 'ఎల్ఫిన్‌స్టోన్' అనే ఓడలో మద్రాసు రేవు నుంచి దక్షిణాదివాళ్లు మొదటిసారి బయల్దేరారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఐదేళ్ల అగ్రిమెంటు. ఆ మాటే నోళ్లలో నలిగి 'గిర్మిట్' అయింది. వాళ్లకిచ్చిన వసతిని 'కూలీ లైన్లు' అనేవారు. వరసగా గదులు. తొలిరోజుల్లో ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా ఒక కుటుంబం. వంటా అక్కడే, పడకా అక్కడే.

వరసగా గదులు, చుట్టూ కొబ్బరిచెట్లు, ఎదురుగా పసిఫిక్. మోటెల్ ప్లాన్‌కీ దీనికీ పేపర్ మీద పెద్ద తేడా ఉండదు. ఒకచోట రాత్రికింతని అద్దె కట్టి దిగారు. ఇంకోచోట ఐదేళ్లు కదలడానికి వీల్లేదు. 1920 జనవరి 1న ఆ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. చాలామంది తిరిగి రాలేదు. అక్కడే పొలాలు పట్టారు, గుళ్లు, బళ్లు కట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్లు తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. డాన్ బీచ్ హాలీవుడ్‌లో రేకుల మీద పైపుతో వాన కురిపిస్తున్న ఆ రోజుల్లోనే, అసలు దీవిలో అసలు వానలో మనవాళ్ల పిల్లలు చెరుకు కొడుతున్నారు.

ప్లాస్టిక్ చెట్టు కోసం పోరాటం

మళ్లీ మోటెళ్ల దగ్గరికి వద్దాం. జెట్ విమానాలు చవకయ్యాక జనం అసలు హవాయికే వెళ్లడం మొదలుపెట్టారు. డెబ్భైల నాటికి టికి పాతబడింది, పిల్లలకి అది తాతల టేస్టు అయిపోయింది. హైవే పక్కన ఒకే రంగు, ఒకే డిజైన్ చెయిన్ హోటళ్లు వచ్చాయి. పాతవి ఒక్కొక్కటే కూలాయి.

ఎక్కువ మిగిలింది న్యూజెర్సీ చివరన ఉన్న వైల్డ్‌వుడ్‌లో. ఎడిసన్‌లో మీ అక్కో బావో ఉంటే ఈ పేరు వినే ఉంటారు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని రెండు రెండున్నర గంటలు. పక్క ఊళ్లలో బీచ్‌లోకి వెళ్లాలంటే డబ్బు కట్టాలి, ఇక్కడ ఫ్రీ. అందుకే వేసవి వీకెండ్స్‌లో బోర్డ్‌వాక్ మీద తెలుగు మాటలు వినిపిస్తే ఆశ్చర్యం లేదు. కూలర్లో పులిహోర, చేతిలో అప్పడాలంత చిప్స్.

ఈ ఊళ్లో యాభైల, అరవైల మోటెళ్లు వందల్లో ఉండేవి. వైకీకి, సింగపూర్, కరీబియన్... ప్రపంచమంతా నాలుగు వీధుల్లో. సింగపూర్ మోటెల్‌కి పగోడా ఉంటుంది. 1957లో కట్టిన కరీబియన్ మోటెల్ అయితే ప్లాస్టిక్ తాటిచెట్లు మొదట పెట్టింది తామేనని చెప్పుకుంటుంది. పెట్టక ఏం చేస్తారు? న్యూజెర్సీ మంచులో నిజం చెట్టు బతకదు. అర్ధచంద్రాకారం పూల్, గాల్లో తేలుతున్నట్టుండే ర్యాంపు, వాలుగా బిగించిన గాజు గోడలు.

2000 తర్వాత భూమి రేట్లు పెరిగాయి. మోటెల్ నడిపితే వేసవిలో నాలుగు నెలలే ఆదాయం. కూల్చి అపార్ట్‌మెంట్లు కడితే ఒక్క దెబ్బకి కోట్లు. జూబ్లీహిల్స్‌లో పాత బంగళాలకి ఏమైందో అక్కడా అదే. ఓనర్ని తిట్టడానికి నాకు మనసొప్పదు, ఆ స్థానంలో మనమున్నా అమ్మేసేవాళ్లమేమో. వరసగా బుల్డోజర్లు దిగాయి. 2006లో అమెరికా నేషనల్ ట్రస్ట్ దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో వైల్డ్‌వుడ్ మోటెళ్లని చేర్చింది.

కొంతమంది మాత్రం ఊరుకోలేదు. 1997లోనే 'డూ వాప్ ప్రిజర్వేషన్ లీగ్' పెట్టుకున్నారు. డూ వాప్ అంటే ఆనాటి పాటల స్టైల్ పేరు, ఆ ఊరి కట్టడాలకి ముద్దుపేరైంది. కూల్చే మోటెళ్ల నుంచి నియాన్ బోర్డుల్ని కాపాడి తెచ్చారు. కూల్చేయబోతున్న ఓ పాత రెస్టారెంటు భవనాన్ని విప్పదీసి, వేరేచోట మళ్లీ బిగించి 2007లో మ్యూజియం చేశారు. బయట నియాన్ బోర్డుల తోట. కరీబియన్ మోటెల్ 2005లో జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఆ రిజిస్టర్‌లో ప్రెసిడెంట్ల ఇళ్లుంటాయి, యుద్ధభూములుంటాయి. వాటి పక్కన ప్లాస్టిక్ తాటిచెట్లు.

ఫ్లోరిడాలో ఇంకో ముచ్చట. 1956 డిసెంబరులో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో తెరిచిన 'మై-కై'. ఇది మోటెల్ కాదు, రెస్టారెంటు. టికి అభిమానులకి తిరుపతి లాంటిది. 2020లో భారీ వానకి పైకప్పు కూలి మూతపడింది. ఈసారి వాన ఎఫెక్ట్ కాదు, నిజం వాన! నాలుగేళ్లు బాగుచేసి 2024 నవంబరులో మళ్లీ తెరిచారు.

మన దగ్గర ఏం మిగులుతుంది

సెట్టు అంటేనే కూల్చడానికి కట్టేది. ఫ్లోర్ అద్దె రోజుకింతని నడుస్తుంటుంది, షూటింగ్ అవగానే ఖాళీ చెయ్యాలి. రీపర్లు, ప్లైవుడ్ ఇంకో సినిమాకి పోతాయి. ప్లాస్టర్ చెత్తలోకి పోతుంది. 'మనం' సినిమా ఇంటి సెట్ అన్నపూర్ణలో కొన్నాళ్లు నిలబడింది, 2017 నవంబరులో అగ్నిప్రమాదంలో పోయింది. రామోజీ ఫిల్మ్‌సిటీలో సాబు సిరిల్ వేసిన మాహిష్మతి మాత్రం ఉంది. ఎందుకంటే టికెట్ కొని చూసేవాళ్లున్నారు. అదే ఫిల్మ్‌సిటీలో సితార, తార హోటళ్లున్నాయి. పొద్దున రాజ్యం చూసి రాత్రి పక్కనే పడుకోవచ్చు. టికి మోటెల్‌కి మన నేల మీద దగ్గరి చుట్టం అంటే అదేనేమో.

సముద్రం ఒడ్డున అయితే ఇంకా తక్కువ. 'మరోచరిత్ర' (1978) చూస్తే వైజాగ్, భీమిలి తీరాలు ఏ సెట్టూ లేకుండా ఎలా ఉండేవో తెలుస్తుంది. రుషికొండ మీద టూరిజం వాళ్ల కాటేజీలు ఉండేవి. గొప్ప డిజైనేం కాదు. కానీ కిటికీ తీస్తే సముద్రం. ఫ్యామిలీ ట్రిప్పులు, కాలేజీ టూర్లు, కొత్త దంపతులు... ఆల్బముల్లో ఆ బాల్కనీ ఫొటో ఎన్ని ఇళ్లలో ఉంటుందో. 2021లో వాటిని కూల్చేశారు. తర్వాత అక్కడ కట్టిన భవనాల మీద జరిగిన రాజకీయ గొడవ అందరికీ తెలుసు. కాటేజీల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. వాటి బోర్డు ఎక్కడైనా దాచారా? గదుల నంబర్ల పలకలు? రిసెప్షన్‌లో గోడ బొమ్మ? మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే వెనక తేదీ, పేర్లు రాసి పెట్టండి. స్కాన్ కూడా చెయ్యండి.

ఇక ఈ వీకెండ్ జూబ్లీహిల్స్‌లో ఆ కోపిష్టి మొహం మళ్లీ ఎదురైతే, సెల్ఫీ అయ్యాక వేలి కణుపుతో ఒకసారి తట్టి చూడండి. గట్టిగా, మొద్దుగా మోగితే చెక్క, ఎక్కడో కొని తెచ్చింది. డొల్లగా డబ్బా చప్పుడొస్తే ఫైబర్. చెవి వెనక, ఎవరూ చూడని చోట, అచ్చు రెండు ముక్కలు కలిసిన సన్నటి గీత చేతికి తగులుతుంది. ఆ గీతని గీకి నున్నగా చేసినవాళ్లు కొండ కింద కృష్ణానగర్‌లోనే ఉండి ఉండొచ్చు. అక్కణ్ణుంచి ఆటోలో పది నిమిషాలు.